అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ చదువు: చేరే ముందు తెలుసుకోవలసిన సంగతులు



ఈ మధ్య ఒక సోమవారం ఉదయం మన ఆసుపత్రి ఓ.పి.లో షుగరు పరీక్షకు ఒక తల్లి వచ్చింది. రక్తం ఇచ్చి, చేతి మీద దూది అదిమిపట్టుకునే మా సిస్టరుగారిని ఒక మాట అడిగింది. "సిస్టరమ్మా, మా అమ్మాయి అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ చదువులో చేరతానంటోంది. రెండేళ్లంట. అది అయిపోతే మళ్లీ నర్సు ఉద్యోగం చేసుకోవచ్చా అమ్మా?"

ఆ అమ్మాయి మాకు కొత్త కాదు. మన నర్సింగ్ స్కూల్లోనే జి.ఎన్.ఎం. చదివింది. నాలుగేళ్లు మన మహిళల వార్డులో పని చేసింది. రాత్రి డ్యూటీలో ఆమె ఉందంటే మేము నిశ్చింతగా ఉండేవాళ్లం. పెళ్లయ్యాక భర్త ఉద్యోగరీత్యా అమెరికా వెళ్లింది.

అదే వారం, ఆదివారం ఆరాధన అయిన తరువాత సంఘ పెద్ద ఒకరు మమ్మల్ని ఆపారు. ఆయన కోడలు కూడా అమెరికాలో అదే చదువు పూర్తి చేసి పరీక్షకు సిద్ధపడుతోందని, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని అడిగారు. ఆమె ఇక్కడ చదివింది బి.కాం. ఆసుపత్రి పనితో ముందు ఏ పరిచయమూ లేదు.

చదువు ఒకటే. ఆడపిల్లలు ఇద్దరు. ఆ కోడలికి అది మంచి దారి. ఓ.పి.కి వచ్చిన తల్లి కూతురికి మాత్రం, తొందరపడితే రెండేళ్ల కాలమూ, బోలెడంత డబ్బూ పోయే దారి. మన సంఘాలలో చాలా ఇళ్లకు ఇప్పుడు అమెరికాలో కూతురో, కోడలో, మేనకోడలో ఉంది. అందుకని ఈ సంచికలో ఈ చదువు గురించి మాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాము.

ఎవరీ మెడికల్ అసిస్టెంట్?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడ జ్వరమో దగ్గో వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లిన పెద్దలకు ఈ సంగతి అనుభవమే. ముందు గదిలోనుండి ఒకమ్మాయి పేరు పెట్టి పిలుస్తుంది. బరువు చూసి, లోపలి గదిలో కూర్చోబెట్టి, బి.పి., నాడి, జ్వరం చూస్తుంది. ఏ మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, ఎందుకు వచ్చారు అని అడిగి కంప్యూటరులో ఎక్కిస్తుంది. ఆ తరువాతనే డాక్టరుగారు వస్తారు. మనవాళ్లు ఇంటికి వచ్చి "అక్కడి నర్సమ్మ చాలా బాగా మాట్లాడింది" అని చెబుతారు. చాలాసార్లు ఆమె నర్సు కాదు, మెడికల్ అసిస్టెంట్.

డాక్టరుగారి క్లినిక్కు నడవటానికి కావలసిన రెండు రకాల పనులూ ఈమె చేస్తుంది. ఒకటి రోగి దగ్గరి పని. బి.పి. చూడటం, రక్తం తీయటం, ఇ.సి.జి. తీయటం, డాక్టరు చెప్పిన ఇంజక్షను వేయటం, కట్టు కట్టటం వంటివి. రెండవది ఆఫీసు పని. అపాయింటుమెంట్లు, ఇన్సూరెన్సు కాగితాలు, రికార్డులు చూసుకోవటం. మన పక్క ఓ.పి. సిస్టరు, కంపౌండరు, రిజిస్ట్రేషన్ కౌంటరులోని గుమాస్తా ముగ్గురూ పంచుకునే పనిని అక్కడ ఈమె ఒక్కతే చేస్తుందనుకోండి. అమెరికా మొత్తం మీద 7 లక్షల మందికి పైగా ఈ పనిలో ఉన్నారు.

ఈమె చేయకూడనివి కూడా ఉన్నాయి. రోగం ఏమిటో తేల్చి చెప్పకూడదు. తనంత తానుగా మందు మార్చమనీ మానమనీ సలహా ఇవ్వకూడదు. రోగి పరిస్థితిని అంచనా కట్టి నిర్ణయం తీసుకోవటం నర్సు, డాక్టర్ల పని. ఏ ఏ ఇంజక్షన్లు వేయవచ్చు, ఏవి వేయకూడదు అన్నది ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఆమె చేసేదంతా డాక్టరు లేక ఇతర వైద్య అధికారి ఆజ్ఞ ప్రకారం, వారి పర్యవేక్షణలోనే జరగాలి.

రెండేళ్లలో ఏమి నేర్పుతారు?

ఈ పనికి రెండు రకాల చదువులు ఉన్నాయి. ఒకటి ఏడాదిలోపు, లేక సుమారు ఏడాదిలో అయ్యే సర్టిఫికెట్టు. రెండవది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. దీన్ని ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలు అనే ప్రభుత్వ కాలేజీలు నడుపుతాయి. దాదాపు 60 క్రెడిట్లు పూర్తి చేయాలి. అక్కడి బ్యాచిలర్ డిగ్రీతో పోల్చితే ఇది సగం దూరం అన్నమాట. ఇంగ్లీషు రాత, సైకాలజీ, లెక్కలు వంటి సాధారణ పాఠాలు కూడా ఉండటం వలన ఇది సర్టిఫికెట్టు కంటే పెద్దది.

అసలు పాఠాలలో శరీర నిర్మాణము, వైద్య పదాలు, మందుల లెక్కలు, రక్తం తీసే పద్ధతి, క్రిమిరహితంగా పని చేసే పద్ధతి, రోగాలకు అంకెల కోడ్లు వేయటం, ఇన్సూరెన్సు నియమాలు ఉంటాయి. రోగి రహస్యాలు కాపాడటం గురించి ప్రత్యేకంగా నేర్పుతారు. హిపా అనే 1996 నాటి చట్టం ప్రకారం క్లినిక్కులో చూసినది, విన్నది బయట చెప్పకూడదు. మనవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, తెలుగు కుటుంబాలన్నీ ఒకరికొకరు తెలిసిన ఊళ్లో ఇది పెద్ద పరీక్షే. ఆదివారం చర్చిలో ఒక ఆంటీ "ఫలానావాళ్లు మీ క్లినిక్కుకు వచ్చారట, ఏమైంది?" అని ప్రేమగానే అడుగుతుంది. చిరునవ్వు నవ్వి మాట మార్చటం నేర్చుకోవాలి.

చివరిలో క్లినిక్కులో పని చేస్తూ నేర్చుకునే శిక్షణ ఉంటుంది. గుర్తింపు ఉన్న కోర్సులలో ఇది 160 గంటలకు తగ్గదు. సాధారణంగా దీనికి జీతం ఉండదు.

మన దేశంలో పుట్టి పెరిగినవారు కొత్తగా అలవాటు చేసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. అక్కడ బరువు పౌనులలో చూస్తారు, మందు మోతాదు కిలోలలో లెక్క కడతారు. ఒక కిలో అంటే సుమారు 2.2 పౌనులు. ఈ లెక్క తారుమారైతే పిల్లలకిచ్చే మందు రెట్టింపు దాటిపోతుంది. తేదీ రాసేటప్పుడు నెల ముందు వేస్తారు. మందుల పేర్లు కూడా వేరు. మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు మేము చెప్పేదేమిటంటే, మాత్రల పట్టీ మీది కంపెనీ పేరు మాత్రమే చెబితే అక్కడ ఎవరికీ తెలియదు. లోపలి మందు పేరు, మోతాదు ఇక్కడే డాక్టరుగారి చేత రాయించుకుని వెళ్లండి.

బి.పి. చూడటం అంత తేలికా?

"బి.పి. చూడటానికి రెండేళ్ల చదువెందుకు, మిషను చూపిస్తుంది గదా" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. ఆయనకు చెప్పినదే మీకూ చెబుతున్నాము.

రోగి మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే బి.పి. ఎక్కువ చూపిస్తుంది. 5 నిమిషాలు కూర్చోనివ్వాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మూత్రం ఆపుకుని ఉంటే ముందు వెళ్లి రమ్మనాలి. చూస్తున్నంతసేపూ ఆమె మాట్లాడకూడదు, రోగిని మాట్లాడించకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బి.పి. ఉన్నట్టు చూపిస్తుంది. చొక్కా మీద కట్టినా తప్పే. వీటిలో రెండు మూడు తప్పులు కలిస్తే, అవసరం లేని మనిషికి జీవితాంతం మాత్ర మొదలవుతుంది. డాక్టరుగారు ఎంత గొప్పవారైనా, ముందు రాసిన అంకెను నమ్మే నిర్ణయం తీసుకుంటారు.

రక్తం తీయటమూ అంతే. మనిషి పేరు, పుట్టిన తేదీ రెండూ అడగాలి. రక్తం తీసిన చోటనే, రోగి ఎదుటనే గొట్టం మీద పేరు అంటించాలి. పక్క గదికి తీసుకెళ్లి అంటిద్దామనుకుంటే ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీదకు పోతుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. మూత పెట్టబోయి తన వేలికే గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ.

పుట్టిన తేదీ విషయంలో ఒక ముచ్చట. మన సంఘ పెద్దగారు కోడలి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ డాక్టరు దగ్గర తన అసలు పుట్టిన తేదీ చెప్పారట. పాస్‌పోర్టులో ఉన్నది బడిలో వేసిన తేదీ. మనలో చాలామందికి ఈ రెండు తేదీలూ ఉన్నాయి గదా! రికార్డు కలవక అరగంట కూర్చోబెట్టారట. మెడికల్ అసిస్టెంట్ రెండవసారీ మూడవసారీ అడిగినందుకు ఆయనకు మొదట విసుగు వచ్చింది. "మామయ్యగారూ, ఆ అమ్మాయి అడగకుండా వదిలేస్తేనే మనం భయపడాలి" అని కోడలు చెప్పిందట. చదువు ఆమెకు బాగానే వంటబట్టిందని మాకు అప్పుడే అర్థమైంది.

కాలేజీని ఎంచుకునేటప్పుడు

మన దగ్గర గుర్తింపు లేని పారామెడికల్ సంస్థల్లో డబ్బు పోసి మోసపోయిన కుటుంబాలను మేము చూశాము. అమెరికాలో అలాంటివి ఉండవనుకోవద్దు. కొరింథియన్ కాలేజెస్ అనే పెద్ద ప్రైవేటు సంస్థ తన కాలేజీల్లో మెడికల్ అసిస్టెంట్ కోర్సులు కూడా నడిపింది. 2015 ఏప్రిల్‌లో మిగిలిన శాఖలన్నీ ఒక్కసారిగా మూసివేసింది. విద్యార్థులు చదువు మధ్యలో, నెత్తిన అప్పుతో మిగిలారు. చివరకు 2022 జూన్‌లో అమెరికా విద్యాశాఖ ఆ సంస్థలో చదివిన 5 లక్షల 60 వేల మంది అప్పులు, మొత్తం 580 కోట్ల డాలర్లు, రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. అప్పు పోయింది గాని ఆ ఏళ్లు తిరిగి రాలేదు.

కాబట్టి కాలేజీ భవనం చూసి, టీవీ ప్రకటన చూసి చేరవద్దు. ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు ముఖ్యంగా రెండు. ఒకటి సి.ఏ.ఏ.హెచ్.ఈ.పి., రెండవది ఏ.బి.హెచ్.ఈ.ఎస్. కాలేజీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ కోర్సుకు గుర్తింపు ఉండటం వేరు. కోర్సుకు ఉందా అని అడగాలి. వీటి గుర్తింపు ఉన్న కోర్సు చదివినవారు సి.ఎం.ఏ. అనే పరీక్ష రాయవచ్చు. 200 ప్రశ్నలు, 160 నిమిషాలు. గెలిచినవారు 5 ఏళ్లకొకసారి ఆ అర్హతను పునరుద్ధరించుకోవాలి. చాలా క్లినిక్కులు ఇలాంటి అర్హత ఉన్నవారినే తీసుకోవటానికి ఇష్టపడతాయి.

ఫీజు విషయంలో ఒక మాట. కమ్యూనిటీ కాలేజీలు ఆ రాష్ట్ర నివాసులకు తక్కువ ఫీజు, ఇతరులకు ఎక్కువ ఫీజు వేస్తాయి. మన పిల్లల వీసాకు ఏ ఫీజు వర్తిస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వీసా విషయం కూడా అంతే ముఖ్యం. భర్త హెచ్-1 వీసా మీద ఉంటే భార్యకు హెచ్-4 వస్తుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు. జీతం తీసుకునే పని చేయాలంటే వేరే అనుమతి కార్డు కావాలి. 2015 మే నుండి కొందరు హెచ్-4 భార్యలకు, అంటే భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవారికి, ఈ కార్డు అడిగే వీలు వచ్చింది. అందరికీ కాదు. చదువు ముగించి, పని అనుమతి లేక ఇంట్లో కూర్చుంటే ఆ బాధ మాటల్లో చెప్పలేము. చేరే ముందే వకీలును అడగండి.

టీకాల కాగితాలు ఇక్కడినుండే తీసుకెళ్లాలి

రోగుల దగ్గరకు పంపే ముందు కాలేజీలు హెపటైటిస్-బి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ టీకాల రుజువు అడుగుతాయి. క్షయ పరీక్ష కూడా చేస్తారు. మన పిల్లల చిన్ననాటి టీకా కార్డు చాలా ఇళ్లలో దొరకదు. కార్డు లేకపోయినా, శరీరంలో రక్షణ ఉందో లేదో రక్తపరీక్షలో చాలా టీకాలకు తెలుసుకోవచ్చు. లేకపోతే టీకా మళ్లీ వేయించుకోవచ్చు. హెపటైటిస్-బి మూడు మోతాదులు సాధారణంగా 0, 1, 6 నెలలకు వేస్తారు. కాబట్టి ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి.

క్షయ పరీక్ష దగ్గర మనవాళ్లు తరచుగా కంగారు పడతారు. మనకు పుట్టగానే బి.సి.జి. వేస్తారు గనుక చర్మం మీద చేసే పరీక్షలో వాపు రావచ్చు. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. బి.సి.జి. వేయించుకున్నవారికి రక్తంతో చేసే పరీక్ష మేలు. ఆ సంగతి చెప్పి రక్తపరీక్ష అడగవచ్చు.

నర్సు చదివినవారు ముందు తమ సర్టిఫికెట్టు సంగతి చూసుకోవాలి

ఇక ఓ.పి.కి వచ్చిన తల్లి ప్రశ్నకు వద్దాం. మెడికల్ అసిస్టెంట్ చదివితే తరువాత నర్సు కావచ్చా?

ఆ చదువు వలన నర్సు కారు. ఇది నర్సింగుకు కింది మెట్టు కాదు, వేరే మెట్లదారి. అదే కమ్యూనిటీ కాలేజీలో, బహుశా అదే వరండాలో, నర్సింగులో అసోసియేట్ డిగ్రీ అని ఇంకొకటి ఉంటుంది. అది కూడా పేరుకు రెండేళ్లే, కాకపోతే ముందు చదవవలసిన పాఠాలకు మరికొంత కాలం పడుతుంది, సీటుకు పోటీ ఎక్కువ. అది ముగించినవారు ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సు అవుతారు. మెడికల్ అసిస్టెంట్ కోర్సులోని ఇంగ్లీషు, సైకాలజీ వంటి పాఠాలు నర్సింగుకు లెక్కలోకి రావచ్చు. అసలు పాఠాలు చాలావరకు రావు.

జీతంలోనూ తేడా ఉంది. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం ఏడాదికి 44,200 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. రిజిస్టర్డ్ నర్సులకు అది 93,600 డాలర్లు. మేము డబ్బు కోసమే ఈ సంగతి చెప్పటం లేదు. మూడేళ్లు వార్డులో నిలబడి నేర్చుకున్న విద్యను ఒక ఆడపిల్ల తెలియక వదులుకోకూడదని చెబుతున్నాము.

ఇక్కడ జి.ఎన్.ఎం. లేక బి.యస్సీ. నర్సింగ్ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరు అయినవారికి వేరే దారి ఉంది. అమెరికాలో తాము ఉన్న రాష్ట్రపు నర్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేయాలి. మన చదువు పత్రాలను అక్కడి చదువుతో పోల్చి చూసే సంస్థ ఒకటి 1977 నుండి ఉంది. దానిపేరు సి.జి.ఎఫ్.ఎన్.ఎస్., 2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. చాలా బోర్డులు దాని నివేదిక అడుగుతాయి. ఇంగ్లీషు పరీక్ష కూడా చాలా చోట్ల అడుగుతారు. బోర్డు ఒప్పుకుంటే ఎన్‌క్లెక్స్ రాయవచ్చు. కంప్యూటరు మీద పరీక్ష, 85 నుండి 150 ప్రశ్నలు, 5 గంటల వరకు సమయం. హైదరాబాదులోనూ ఈ పరీక్ష కేంద్రం ఉంది.

ఇది సులువని మేము అనటం లేదు. కొన్ని బోర్డులు జి.ఎన్.ఎం. పత్రాలు చూసి పిల్లల నర్సింగులోనో, మానసిక నర్సింగులోనో గంటలు చాలలేదని ఆ భాగం మళ్లీ చదవమంటాయి. అయినా ఒకటి రెండు పాఠాలు చదవటం వేరు, రెండేళ్లు మొదటినుండి వేరే పని నేర్చుకోవటం వేరు. ముందు ఆ దారి అడిగి, అది తనకు కుదరదని తేలితే, లేక ఇంటి పరిస్థితులకు పగటిపూట క్లినిక్కు పనే నయమనుకుంటే, అప్పుడు మెడికల్ అసిస్టెంట్ చదువు నిశ్చింతగా చేరవచ్చు.

మా వలన జరిగిన పొరపాటు

మేము ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడాము. ఆ సంభాషణలో మాకు తెలిసిన విషయం మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది.

ఆమె పై దారి గురించి తెలియక ఆగిపోలేదు. చదివిన నర్సింగ్ స్కూలే ఏ ఏ పాఠం ఎన్ని గంటలు, ఏ వార్డులో ఎన్ని గంటలు అన్న వివరాల పత్రాన్ని నింపి నేరుగా ఆ సంస్థకు పంపాలి. ఆమె ఆ పత్రం కోసం మన స్కూలు ఆఫీసుకు రాసి ఎనిమిది నెలలైందట. రెండుసార్లు తమ్ముణ్ణి కూడా పంపిందట. గుమాస్తాగారు రిటైరయ్యారు, పాత రిజిస్టర్లు స్టోరు గదిలో ఉన్నాయి, కొత్తవారికి ఆ ఫారం ఏమిటో అర్థం కాలేదు. ఉత్తరం ఒక ఫైలులో ఉండిపోయింది. "మీరందరూ పనిలో ఉంటారు, మళ్లీ మళ్లీ అడగటానికి మొహమాటమేసింది మేడమ్. అందుకే ఇక్కడేదో చిన్న చదువు చదువుకుందామనుకున్నాను" అని ఆమె నెమ్మదిగా చెప్పింది.

ఆమె మామీద ఒక్క నిష్ఠూరం ఆడలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. నాలుగేళ్లు మన రోగులకు సేవ చేసిన బిడ్డకు ఒక కాగితం పంపలేకపోయాము. ఆ వారమే ఇద్దరు సిస్టర్లు కూర్చుని రిజిస్టర్లు దించి, దుమ్ము దులిపి, గంటలు కూడి ఫారం నింపారు. పత్రం వెళ్లింది. బోర్డు ఏమంటుందో ఇంకా రాలేదు. మెడికల్ అసిస్టెంట్ కోర్సుకు కట్టవలసిన మొదటి ఫీజు ఆమె ప్రస్తుతానికి ఆపుకుంది.

మన స్కూలు పాత విద్యార్థినులు ఈ సంచిక చూస్తే, లేక వారి తల్లిదండ్రులు చూస్తే, ఇదే మా మనవి. మీ రికార్డులు భద్రంగా ఉన్నాయి. మొహమాటపడకండి, అడగండి. ఇక నుండి ఇలాంటి ఉత్తరాలకు ఒక సిస్టరును బాధ్యురాలిగా పెట్టాము.

చేరే ముందు ఇంట్లో మాట్లాడుకోవలసినవి

అమెరికాలోని మీ అమ్మాయి లేక కోడలు ఈ చదువు మాట ఎత్తితే, ఫోనులో ఈ ప్రశ్నలు ఆమెతో కలిసి ఆలోచించండి.

1. నీకు నర్సు పని కావాలా, క్లినిక్కులో సహాయకురాలి పని కావాలా? రెండూ గౌరవమైనవే, కాని చదువులు వేరు.

2. ఇక్కడ నర్సింగ్ చదివి ఉంటే, ఆ సర్టిఫికెట్టు అక్కడ ఎంతవరకు పనికి వస్తుందో ముందు అడిగావా?

3. ఆ కోర్సుకే గుర్తింపు ఉందా? అది చదివితే సి.ఎం.ఏ. పరీక్షకు అర్హత వస్తుందా?

4. నీ వీసాకు ఫీజు ఎంత? చదువు అయ్యేసరికి పని చేసే అనుమతి ఉంటుందా?

5. ఏడాది సర్టిఫికెట్టు చాలా, రెండేళ్ల డిగ్రీ కావాలా? ముందు ముందు పై చదువు చదవాలనుకుంటే డిగ్రీలోని సాధారణ పాఠాలు అక్కరకు వస్తాయి.

6. జీతం లేని 160 గంటల శిక్షణ రోజుల్లో పిల్లలను ఎవరు చూస్తారు? అవసరమైతే ఆ నెలల్లో అమ్మమ్మో నాయనమ్మో వెళ్లి ఉండగలరా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. సంఘ పెద్దగారి కోడలు చదువు పూర్తి చేయగలిగిందంటే, శిక్షణ నెలల్లో అత్తగారు అక్కడ ఉండి మనవడిని చూసుకున్నారు గనుకనే. ఆ తల్లి తన బి.పి. మాత్రలు ఆరు నెలలకు సరిపడా, డాక్టరుగారి చీటీతో సహా మన ఫార్మసీలోనే కట్టించుకుని వెళ్లారు.

1883లో పెన్సిల్వేనియా నుండి డాక్టర్ ఆన్నా కుగ్లర్‌గారు గుంటూరు వచ్చారు. 1930లో అక్కడే కన్నుమూసే వరకు మన స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేశారు. అలాంటి మిషనరీ తల్లులు మన ఆడపిల్లలకు రోగి చేయి ఎలా పట్టుకోవాలో నేర్పారు. ఇప్పుడు మన ఆడపిల్లలు అదే దేశంలో అక్కడి ముసలివారి చేతికి బి.పి. పట్టీ కడుతున్నారు. మంచి సమరయుని కథ లూకా సువార్త 10వ అధ్యాయంలో మనందరికీ తెలిసినదే. గాయాలు కట్టిన ఆ మనిషి ఏ పదవిలో ఉన్నాడో అక్కడ రాయలేదు. చేసిన పని మాత్రమే రాశారు. మెడికల్ అసిస్టెంట్ అయినా, నర్సు అయినా, చేసే పని తెలిసి, నేర్చుకుని, శ్రద్ధగా చేస్తే అది దేవునికి ఇష్టమైన సేవే.

ఈ ఇద్దరు బిడ్డలనూ మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ఒకరికి పరీక్ష ఉంది, ఒకరికి బోర్డు జవాబు రావలసి ఉంది. వారి కోసం పత్రాలు దులిపిన మా సిస్టర్లను కూడా మరువకండి. వచ్చే సంచికలో వారి సంగతి తప్పక తెలియజేస్తాము.

దేవుడు మిమ్మును ఆశీర్వదించును గాక. ఆమేన్.